తెర లేచు వేళకు చేరుట

కళలన్నింటిలోను మనకొఱకు వేచియుండనిది నాటక మొక్కటియే. గ్రంథమును ఈ రాత్రి మూసి మఱునాడు తెఱవవచ్చును. చిత్రపటము గోడమీద ఏండ్ల తరబడి నిలిచి చూపరికొఱకు ఎదురుచూచుచుండును. చలనచిత్రము నేడు చేతిలోని ఫోనులోనికే దిగివచ్చి, ఆపుమన్నచోట ఆగి, కదలుమన్నచోట కదలుచున్నది. నాటకము మాత్రము ప్రకటించిన దినమున, ప్రకటించిన వేళకు, నటులును ప్రేక్షకులును ఒక్క కప్పుక్రింద కూడినప్పుడే పుట్టి, తెర దిగుటతో ముగిసిపోవును. ఆ వేళకు చేరలేనివానికి అది లేనట్లే లెక్క.

కావున ఉద్యోగధర్మముచేత ఊళ్లు తిరుగువారికిని, సముద్రము దాటి పరదేశమున పనిచేయువారికిని ఇతర కళలతో రాని చిక్కు నాటకముతో వచ్చుచున్నది. ఆ చిక్కును విప్పు మార్గమును ఈ అధ్యాయమున విచారింతము. నేను చెప్పదలచినది ఇంతే: మిగిలిపోయిన కాలములో నాటకము చూతమనుకొనువాడు ఎన్నడును చూడలేడు, పనివేళను దొంగిలించి చూచువాడు చూచియు ఆనందింపలేడు, పనికి వలెనే నాటకమునకును ముందుగా తేదీ నిర్ణయించి, ఆ తేదీచుట్టును పనిని నిజాయితీతో అమర్చుకొనువానికి మాత్రమే రెండును దక్కును.

షినాసులో నుండువాని స్థితి

విచారము గాలిలో తేలిపోకుండుటకై ఒక స్థలమును పట్టుకొందము. ఒమాను దేశమున ఉత్తర బాతినా తీరమందు, సొహారు నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల ఉత్తరమున, ఎమిరేట్ల సరిహద్దునకు చేరువగా షినాస్ అను పట్టణము కలదు. పాత కోట, మడ అడవులు పెరిగిన సముద్రపు పాయ, చేపల పడవలు, ఖర్జూరపు తోటలు, ముసందము ద్వీపకల్పమందలి ఖసబునకు ఓడలు బయలుదేరు చిన్న రేవు: ఇవి ఆ ఊరి ముఖ్యచిహ్నములు. ఆ తీరమున ఉద్యోగములకు పెద్ద ఆధారము సొహారు రేవును, దానిని ఆశ్రయించి వెలసిన పరిశ్రమలును. ఆ రేవు 2002లో రోటర్‌డాం రేవు సంస్థతోడి భాగస్వామ్యమున ఏర్పడినది. ఉక్కు, అల్యూమినియము, రసాయనములు మున్నగు పరిశ్రమలు దాని పరిసరముల పెరిగినవి. గల్ఫు దేశములందలి ఇట్టి పారిశ్రామిక తీరములలో మన తెలుగువారును వెల్డింగు పనులందు, విద్యుత్పనులందు, యంత్రముల పర్యవేక్షణమందు, లెక్కల గదులయందు జీవనము గడుపుచున్నారు.

షినాసులో వారవారమును తెరలేచు నాటకశాల ఉన్నదని నేను చెప్పజాలను. కాని ఆ ఊరిని భూపటమున చూచినవానికి ఒక విశేషము స్ఫురించును. దక్షిణమున మస్కట్ నగరము, మార్గము సుమారు 250 కిలోమీటర్లు. వాయవ్యమున, వజాజా సరిహద్దు దాటి హత్తా కొండలమీదుగా పోయినచో, దుబాయి నగరము మస్కటు కంటెను దగ్గర. ఆ రెండు నగరములందును ప్రపంచ ప్రసిద్ధములైన రంగశాలలు కలవు. మస్కటులోని రాయల్ ఒపేరా హౌస్, సుల్తాను కాబూసు 2001లో ఆజ్ఞాపింపగా నిర్మితమై, 2011 అక్టోబరు 12న పుచ్చినీ రచించిన సంగీతనాటకము ‘తురందోత్’ ప్రదర్శనతో ప్రారంభమైనది. దుబాయి ఒపేరా 2016 ఆగస్టు 31న తెఱవబడినది. అనగా షినాసులో నుండువాడు రంగస్థలమునకు దూరుడు కాడు. రెండు రంగస్థలముల నడుమ నున్నవాడు. దూరముకంటె అతనికి అడ్డమగునది అనాలోచిత కాలవ్యయమే.

శ్రమజీవికి నాటక మెందులకు?

ఇచట కొంద ఱడుగవచ్చును: ఇంటికి డబ్బు పంపుటకై వచ్చినవానికి నాటక మేల? ఒక్క ఒమాను రియాలు 200 రూపాయలను మించిన విలువ గలదై యుండగా, దానిని దీపముల వెలుగున కూర్చుండుటకు వెచ్చించుట న్యాయమా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. అడుగువాని హృదయమున కుటుంబముమీది ప్రేమ ఉన్నది. దానికి సమాధానము రెండు భాగములు. మొదటిది, ఇంటికి పంపవలసినది పంపక నాటకమునకు పోవుట తగదు. అందు సందేహమే లేదు. రెండవది, పంపవలసినది పంపిన పిమ్మట మనుష్యునికి మిగులవలసినది మనుష్యత్వము. యంత్రముల శబ్దమున పగలు గడిపి, సాయంకాలము క్యాంపు గదిలో ఒంటరిగా ఫోను తెరను వేలితో జరుపుచు నిద్రకు జారువానికి నెలలు గడచుకొలది ఏ విషయముమీదను గంటసేపు మనస్సు నిలుపు శక్తి సన్నగిల్లును. నాటకశాలలో రెండు మూడు గంటలసేపు, చీకటిలో, ఫోను కట్టివేసి, పరిచయము లేని వందలమందితో ఒక్క ఊపిరిగా కూర్చుండి, ఎవరి దుఃఖమో తన దుఃఖముగా అనుభవించినవాడు ఆ శక్తిని మరల సంపాదించును. ఆ శక్తియే మఱునాడు పనిలో జాగరూకతగాను, తోడి కార్మికునియెడల ఓర్పుగాను, ఇంటివారితో మాటాడునప్పుడు ఆర్ద్రతగాను పరిణమించును. కావున నాటకదర్శనము పనికి శత్రువు కాదు. పనిచేయు మనుష్యుని కాపాడు సాధనములలో ఒకటి.

బళ్లారి న్యాయవాదుల దృష్టాంతము

ఉద్యోగమును నాటకమును ఒక్క జీవితమున ఇముడ్చుట అసాధ్యమనువారు తెలుగు నాటకరంగ చరిత్రను తిలకింపవలెను. ఆంధ్ర నాటకపితామహుడని కీర్తింపబడిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో వకీలు. పగలు కోర్టు, సాయంకాలము సరసవినోదినీ సభ: ఈ రెంటి నడుమ ఆయన ముప్పదికి దగ్గఱగా నాటకములను రచించి, 1887లో ‘చిత్రనళీయము’ను ప్రదర్శింపించెను. ఆ ఊరివాడే, ఆ వృత్తివాడే యగు కోలాచలము శ్రీనివాసరావు చారిత్రక నాటకములకు దారి తీసి, నాటకకళాచరిత్రమును గూర్చి ఇంగ్లీషున గ్రంథము వ్రాసెను. ధర్మవరమువారి మేనల్లుడైన బళ్లారి రాఘవాచార్యులు (1880–1946) మదరాసులో న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదియై పేరొంది, ప్రభుత్వపక్ష న్యాయవాదిగాను పనిచేసి, తెలుగు, కన్నడము, ఇంగ్లీషు భాషలలో నటించెను. ఆయన ఐరోపా యాత్రలో నాటకశాలలను తిలకించి, జార్జి బెర్నార్డు షాను కలిసికొనెను. అనగా ప్రయాణమున సయితము నాటకమును వదలలేదు.

ఈ ముగ్గురి జీవితములను పరిశీలించినచో ఒక నీతి గోచరించుచున్నది. కోర్టునందు వాయిదా తేదీ వకీలు తీరికకొఱకు ఆగదు. ఆ క్రమశిక్షణకు అలవడినవారు నాటకమునకును వాయిదా వలెనే తేదీ నియమించి, ఆ తేదీని తప్పక పాటించియుందురని తోచును.  గడియారమును వృత్తినుండి నేర్చి కళకు ఉపయోగించుట: ఇదియే వారు మనకు వదలిపెట్టిన పాఠము. రంగస్థలముపై నిలువగల ప్రతిభ మనకు లేకున్నను, రంగస్థలము నెదుట కూర్చుండు క్రమశిక్షణ మన కందుబాటులో నున్నది.

సంవత్సరమును ముందుగా చూచుకొనుట

మొదటి ఆచరణ మిది. గల్ఫు నగరములందలి రంగశాలలు సాధారణముగా ఎండలు తగ్గు శరత్కాలమున ఋతువు నారంభించి, వేసవికి ముందు ముగించును. ఆ ఋతువు కార్యక్రమ పట్టికను రంగశాలవారు ప్రారంభమునకు ముందే ప్రకటింతురు. పట్టిక వెలువడిన వారములోనే కూర్చుండి, మీ పనిపట్టికను దాని ప్రక్కన పెట్టుకొనుడు. కర్మాగారములలో వార్షిక మరమ్మతులకై యంత్రములు ఆపు కాలము, అందఱును షట్‌డౌన్ అను దినములు, ముందే నిర్ణయమై యుండును. ఆ వారములలో ఏ నాటకమును తలపెట్టరాదు. మాసాంతపు లెక్కల పనివారు మాసపు చివరి వారమును వదలవలెను. షిఫ్టులలో పనిచేయువారు తమ షిఫ్టు చక్రమును మూడు నెలలకు వ్రాసికొని, రాత్రి డ్యూటీ ముగిసిన వెంటనే వచ్చు దినమును నాటకమునకు ఎన్నుకొనరాదు. నిద్రలేని కన్నులకు మహానటుడు సయితము నీడవలె కనబడును.

ఒమాను దేశమున 2013 నుండి వారాంతము శుక్ర, శనివారములు. ఎమిరేట్లలో 2022 నుండి ప్రభుత్వ కార్యాలయములకు శనివారము, ఆదివారము, శుక్రవారము సగము దినము. ఈ భేదము చిన్నదిగా కనబడినను షినాసు వారికి ముఖ్యమైనది. దుబాయిలో శనివారపు రాత్రి ప్రదర్శనమునకు పోయినవాడు ఆదివారపు ఉదయమున ఒమానులో పనిలో నుండవలెను. అది శరీరమునకును రహదారికిని అపాయము. కావున దుబాయికైనను మస్కటుకైనను శుక్రవారపు సాయంకాల ప్రదర్శనము నెన్నుకొనుట ఉత్తమము: శుక్రవారము పోవుట, ఆ రాత్రి అచటనే నిద్రించుట, శనివారము తీరికగా తిరిగివచ్చి ఆదివారమునకు తేరుకొనుట. శుక్రవారము ఒక్కటియే సెలవు గలవారు దూరపు రంగశాలలకు పండుగ సెలవులను ఉపయోగించుకొని, సాధారణ వారములలో దగ్గఱి వినోదములతో తృప్తిపడవలెను.

ఋతువునకు రెండో మూడో నాటకములు చాలును. ఎన్నుకొనునపుడు ఒకటి మీ కిదివఱకే పరిచయమైన కథ కావలెను, ఒకటి ఎన్నడును చూడని విధానము కావలెను. అన్నియు చూడవలెనను అత్యాశ చివఱకు ఏదియు చూడకుండుటకే దారి తీయును.

పనికి ఋణపడకుండుట

రెండవ ఆచరణము నైతికమైనది. దీనిని అలక్ష్యము చేసినవాని సంతోషము నిలువదు. టిక్కెట్టు కొనకముందే పై అధికారికి తేదీ చెప్పవలెను. కారణము దాచనక్కఱలేదు. అనారోగ్యమని నటించి నాటకమునకు పోవుట రెండింటికిని అపచారము. మొదటి అంకము నడచుచుండగా మీ చేయి మాటిమాటికి జేబులోని ఫోనుమీదికి పోవును. ‘ఫలాని శుక్రవారము నేను ఊర నుండను, నా పనిని గురువారము సాయంకాలమునకు ముగించి, మిగిలిన విషయములను ఫలాని సహోద్యోగికి అప్పగించెదను’ అని చెప్పి, చెప్పినట్లు చేయువానికి రెండవసారి అనుమతి సులభముగా దొరకును. మీ బదులు నిలిచిన సహోద్యోగికి అతని పండుగనాడో, అతని బిడ్డ పరీక్షనాడో మీరు బదులు నిలువవలెను. ఓనము కేరళవానిది, ఈదు ముస్లిము సోదరునిది, సంక్రాంతి మనది. ఈ పండుగలు వేఱువేఱు తేదీలలో వచ్చుట పరస్పరము ఉపకరించుకొనుటకు దైవమిచ్చిన అవకాశము.

ఒమాను కార్మిక శాసనము 2023లో క్రొత్తగా వెలువడి, దినమునకు 8 గంటలు, వారమునకు 40 గంటలు పనిని పరిమితి చేసి, వరుసగా రెండు దినముల వారపు విశ్రాంతిని విధించినది. మీ హక్కును మీరు తెలిసికొనియుండుట అవసరము. హక్కుగా వచ్చిన విశ్రాంతిని మనస్సులో అపరాధభావము లేక అనుభవించుట అంతకంటె అవసరము. ఓవర్‌టైము ప్రతి వారమును అంగీకరించువాడు నాటకమునే కాక, ఆరోగ్యమును కూడ అమ్ముకొనుచున్నాడు.

ప్రయాణము

అల్ బాతినా ఎక్స్‌ప్రెస్‌ మార్గము సుమారు 270 కిలోమీటర్ల పొడవున హల్బాను నుండి షినాసు ప్రాంతమందలి ఖత్మత్ మలాహా వఱకు సాగి, 2018 నాటికి సంపూర్ణముగా తెఱవబడినది. ఆ మార్గము సుఖమైనదే. సుఖమైన మార్గమే డ్రైవరుకు నిద్ర తెప్పించును. కావున నాటకము ముగిసిన రాత్రి తిరుగుప్రయాణము చేయరాదని నియమము పెట్టుకొనుడు. ఒంటెలు రాత్రివేళ రోడ్లమీదికి వచ్చుట ఆ దేశమున ఎఱుగని విషయము కాదు. ఇద్దఱు ముగ్గురు మిత్రులు కలిసి పోయినచో ఖర్చు తగ్గును, వాహనము నడుపు శ్రమ పంచబడును, తిరుగుదారిలో చూచినదానిని గూర్చి మాటాడుకొను భాగ్యము దొరకును. శుక్రవారపు మధ్యాహ్న ప్రార్థనవేళ దుకాణములు మూతపడును. భోజనము, పెట్రోలు ఆ వేళకు ముందే చూచుకొనవలెను.

సరిహద్దు దాటువారు పాసుపోర్టు, రెసిడెంటు కార్డు, ఎమిరేట్ల ప్రవేశానుమతి, వాహనమునకు ఆ దేశమున చెల్లు బీమా, వాహనము పరులదైనచో యజమాని అనుమతిపత్రము, ఇవన్నియు టిక్కెట్టు కొనకముందే సిద్ధపఱచుకొనవలెను. నియమములు మారుచుండును; బయలుదేరు వారమున మరల విచారించుట మేలు. సెలవు దినములలో సరిహద్దువద్ద వాహనముల వరుస ఎంత పెరుగునో ఎవ్వరును చెప్పజాలరు గనుక మధ్యాహ్నమునకే నగరము చేరునట్లు బయలుదేరి, రెండు గంటలు విశ్రమించి, స్నానము చేసి రంగశాలకు పోవలెను. పెద్ద రంగశాలలలో ఆలస్యముగా వచ్చినవారిని విరామమువఱకు లోనికి విడువరు. మస్కటు ఒపేరాశాలలో వస్త్రమర్యాద కలదు. పురుషులు కోటు ధరించుట ఆచారము. ఒక మంచి కోటును గదిలో వ్రేలాడదీసి యుంచుకొనుట ఈ విషయమున తొలి పెట్టుబడి.

సన్నాహమును, మననమును

మూడవ ఆచరణము మనస్సునకు సంబంధించినది. అన్యభాషా నాటకమునకు పోవుటకు ముందు దాని కథను సంగ్రహముగానైనను చదువవలెను. ‘తురందోత్’ వంటి సంగీతనాటకమున కథ తెలియనివానికి అరుపులుగా తోచునది, తెలిసినవానికి హృదయవిదారకమగును. మస్కటు రంగశాలలో ఎదుటి ఆసనము వెనుకనున్న చిన్న తెరపై మాటల అనువాదము కనబడు ఏర్పాటు కలదు. అయినను కన్ను తెరకంటె రంగస్థలమునే చూడవలెనన్నచో కథ ముందే మనస్సులో ఉండవలెను. పద్యనాటకములతో పెరిగిన తెలుగువానికి ఈ కళ నిజమునకు పరాయిది కాదు: రాగము సాగదీసి భావమును నిలుపు నటుని, ‘వన్స్‌మోర్’ అని కేకవేసిన సభను మన ఊళ్లు ఎఱుగును. ఆ పరిచయము ఇటలీ గాయకుని వినుటకు ఉపకరించును.

చూచిన మఱునాడు ఒక నోటుపుస్తకమున ఒక పుటకు మించకుండ వ్రాయుడు: ఏ సన్నివేశము మనస్సున నిలిచినది, ఏల నిలిచినది, ఏ పాత్ర మీ కెవరిని జ్ఞాపకమునకు తెచ్చినది. ఆ వారములో ఇంటికి ఫోను చేసినపుడు బిడ్డలకు ఆ కథను చెప్పుడు. దూరమున నున్న తండ్రికి ఫోనులో చెప్పుటకు ‘తిన్నావా, చదివినావా’ అను ప్రశ్నలు తప్ప ఏమియు మిగులని దినములలో, ఒక కథ ఎంతటి వారధియో అనుభవమున తెలియును. ఒమానునకును భారతదేశమునకును గంటన్నర తేడా. శనివారము సాయంకాలము ఒమానులో ఏడున్నర యగువేళకు ఇంటివద్ద బిడ్డలు తొమ్మిది గంటలకు పడకమీద కథకు సిద్ధముగా నుందురు.

టిక్కెట్టు అందనివారు

పెద్ద రంగశాల టిక్కెట్టు అందఱి జీతమునకు అందునది కాదు. నెలకు కొంచెము చొప్పున నాటకనిధిగా తీసి పెట్టినచో పై అంతస్తులోని ఆసన మొకటి ఋతువునకు ఒకసారి అందవచ్చును. అదియు వీలుకాని వారు నిరాశపడనక్కఱలేదు. ఒమాను జనుల స్వీయప్రదర్శన కళలు గొప్పవి. రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి, పద్యములను ఒకరి కొకరు బదులుగా పాడు రజ్ఫాను యునెస్కో 2015లో మానవాళి వారసత్వముగా గుర్తించినది; అల్ అజీ అను వీరగాన సంప్రదాయము 2012లోనే అట్టి గౌరవమును పొందినది. ఈదు పండుగలందు, పెండ్లిండ్లయందు ఇట్టి కళలు బయలుప్రదేశములలో జరుగును. మర్యాదతో దూరమున నిలిచి చూచువానిని ఒమాను వారు ఆదరముతో దగ్గఱకు పిలుతురు. అరబ్బు నాటకోత్సవము 2025 జనవరిలో మస్కటున జరిగినది. అరబ్బీ రానివానికిని నటుని దేహము చాల చెప్పును. మస్కటులోని ఇండియన్ సోషల్ క్లబ్బున భాషలవారీ విభాగములు కలవు. తెలుగువారు ఉగాదికో సంక్రాంతికో కూడినపుడు పాటలు నృత్యములతో సరిపెట్టక, అరగంట నాటిక నొకదానిని ప్రదర్శింపుమని కోరుడు. వేషము వేయువారు చాలనిచో మీరే ముందుకు రండు.

సెలవులో స్వదేశమునకు పోవునప్పుడు

ఏడాదికో రెండేండ్లకో దొరకు సెలవును పెండ్లిండ్లకు, భూమి కాగితములకు, బంధువుల యిండ్లకు ముక్కలుగా పంచుదురు. అందు ఒక్క సాయంకాలమును నాటకమునకు ముందే కేటాయింపుడు. 1885లో కడప ప్రాంతమందలి సురభి గ్రామమున వనారస వారి కుటుంబము ‘కీచకవధ’తో ఆరంభించిన సురభి నాటకము నేటికిని జీవించియున్నది, వారి ‘మాయాబజారు’ను బిడ్డలతో కలిసి చూచుట ఏ బొమ్మకంటెను గొప్ప బహుమానము. హైదరాబాదున 1961లో వెలసిన రవీంద్రభారతిలోను, కోస్తా పట్టణముల పరిషత్తు పోటీలలోను నాటకములు జరుగుచుండును. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది మొదలు ఈ పరిషత్తుల సంప్రదాయమును నిలిపినవారు చాలవఱకు బడిపంతుళ్లు, గుమాస్తాలు, రైల్వేవారు, బ్యాంకు ఉద్యోగులు: అనగా పగలు పనిచేసి రాత్రి రిహార్సలు చేసినవారు. వారి ముందు వరుసలో కూర్చుండుటకు మీకంటె యోగ్యుడు లేడు.

సాధన

ఈ అధ్యాయమును చదివి ప్రక్కన పెట్టుట చాలదు. ఈ వారమున మూడు పనులు చేయుడు. మొదటిది, రాబోవు మూడు నెలల మీ షిఫ్టుపట్టికను, మీకు చేరదగిన రంగశాల కార్యక్రమ పట్టికను ఒక్క కాగితముమీద ప్రక్కప్రక్కన వ్రాసి, రెండును ఒప్పు శుక్రవారమును ఒక్కదానిని గుర్తింపుడు. రెండవది, ఆ తేదీని అధికారితోను, బదులు నిలువగల సహోద్యోగితోను చెప్పి, అతనికి మీరు ఏ దినమున బదులు నిలిచెదరో కూడ అప్పుడే నిర్ణయింపుడు. మూడవది, ఇంటికి పంపవలసిన డబ్బు పంపిన పిమ్మట మిగిలినదానిలో నుండి ఒక్క టిక్కెట్టు కొనుడు. టిక్కెట్టు చేతికి వచ్చిన పిదప ఆ సాయంకాలమును పనివేళ వలెనే పాటింపుడు: మార్చకుడు, వాయిదా వేయకుడు, దానిమీద మఱి దేనిని వ్రాయకుడు. ఒక్కసారి ఇట్లు చేసినవానికి రెండవసారి ఎట్లు చేయవలెనో ఒకరు చెప్పనక్కఱలేదు.